లైకులు రాని పోస్టులు, మోగే ఫోను: ఒక సైకాలజిస్టు ప్రాజెక్టు డైరీ

జనవరి

ముందు ఉన్న పరిస్థితి రాసి పెట్టుకుంటాను, తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది. నేను క్లినికల్ సైకాలజిస్టుని. విజయవాడ సూర్యారావుపేటలో మేడ మీద రెండు గదుల క్లినిక్. కింద మందుల షాపు, పక్కన స్కానింగ్ సెంటరు. ఇప్పటిదాకా వచ్చినవాళ్లలో ఎక్కువమంది వేరే డాక్టర్లు చీటీ రాసి పంపినవాళ్లే. గుండె దడగా ఉందని ముందు గుండె డాక్టరు దగ్గరికి వెళ్తారు. ఈసీజీ, టూడీ ఎకో అన్నీ తీయించుకుంటారు. అన్నీ నార్మల్ అని తేలాక గ్యాస్ అనుకుంటారు, దానికి ఎండోస్కోపీ. అదీ అయ్యాక ఎవరో ఒకరు "ఒకసారి ఈవిడకి చూపించండి" అంటారు. నా దగ్గరికి వచ్చేసరికి చేతిలో ఒక లావుపాటి ఫైలు, జేబులో చిల్లు.

ఈ ఏడాది పెట్టుకున్న పని ఒక్కటే: ఈ చుట్టు తిరుగుడు లేకుండా నేరుగా ఫోన్ చేసేవాళ్లు పెరగాలి. అవసరం లేక జనం రావట్లేదనుకుంటే పొరపాటు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా అదే సర్వే చెప్పింది. మన దగ్గర "వీణ్ని ఎర్రగడ్డ పంపాలి", "చినవాల్తేరు కేసు" అని జోకులేసుకుంటూ పెరిగినవాళ్లం. ఆ జోకుల మధ్య నుంచి లేచి ఒక మనిషి మెట్లెక్కి రావాలంటే మామూలు విషయం కాదు.

ఇందుకు ఎంచుకున్న దారి గూగుల్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ వీడియోలు. వీడియోల ఖర్చు సంగతి: చిన్న కాలర్ మైకు, ఫోను స్టాండు, రింగ్ లైటు. ఎడిటింగుకి మా పిన్ని కొడుకు ఉన్నాడు. వాడికి నెలకింత అని ఇస్తున్నాను. చుట్టాలబ్బాయి కదా అని ఊరికే చేయించుకుంటే రెండో నెలకి ఫోన్ ఎత్తడు.

జనవరి చివర

ఇన్‌స్టాగ్రామ్ కంటే ముందు గూగుల్ మ్యాప్స్ పని పెట్టుకున్నాను. రాత్రి రెండింటికి నిద్ర పట్టక ఫోను పట్టుకున్నవాళ్లు రీల్ కోసం చూడరు, "విజయవాడ సైకాలజిస్ట్" అని కొడతారు. అక్కడ మనం కనిపించకపోతే ఎన్ని రీల్స్ చేసినా దండగే.

వెరిఫికేషన్‌కి వీడియో అడిగారు. ఆపకుండా ఒకే టేకులో తీయాలి: ముందు వీధి, తర్వాత బోర్డు, ఆ తర్వాత మన తాళంతో తలుపు తీసి లోపలికి వెళ్లడం. పొద్దున్నే ఎవరూ లేనప్పుడు తీశాను. వెయిటింగ్ హాల్లో ఒక్క మనిషి భుజం కనిపించినా ఆ వీడియో పనికిరాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే చికిత్స పొందుతున్నవాళ్ల ఫొటో గానీ, సమాచారం గానీ వాళ్ల అనుమతి లేకుండా మీడియాకి ఇవ్వకూడదని ఉంది. చట్టం సంగతి అటుంచినా, మన ఊళ్లో ఒక చెప్పుల జత చూసి "ఇవి ఫలానావాళ్లవి" అని గుర్తుపట్టే చుట్టాలుంటారు.

కేటగిరీ దగ్గర జాగ్రత్తగా సైకాలజిస్టు అనే పెట్టాను, సైకియాట్రిస్టు అని కాదు. మందులు రాసేది ఎంబీబీఎస్ తర్వాత ఎండీ సైకియాట్రీ చదివినవాళ్లు. నేను రాయను. ఈ తేడా తెలియక ప్రిస్క్రిప్షన్ కోసం వచ్చి వెనక్కి వెళ్లేవాళ్లు కొంతైనా తగ్గుతారు.

బయోలో ఎం.ఫిల్ క్లినికల్ సైకాలజీ, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు, ఫీజు, సెషన్ ఎంతసేపు. అంతే. పేరు ముందు డాక్టర్ పెట్టుకోలేదు, నాకు పీహెచ్‌డీ లేదు. ఆరోగ్యం గురించి సలహాలిచ్చేవాళ్లు తమ అర్హతలేంటో చెప్పాలని 2023 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. అవి రాకపోయినా రాయాల్సిందే. వారం కోర్సు చేసి "మైండ్ హీలర్" అని పెట్టుకున్నవాళ్ల పక్కన మన పేరు కనిపిస్తున్నప్పుడు చూసేవాళ్లకి తేడా తెలియాలి కదా.

ఫీజు బయట పెట్టొద్దని ఇద్దరు ముగ్గురు తోటి సైకాలజిస్టులు అన్నారు. నేను పెట్టేశాను. ఫీజెంతని అడగడానికి మొహమాటపడుతూ చేసే ఫోన్లు మా రిసెప్షన్‌కి ఇప్పటికే చాలా వస్తున్నాయి.

ఫిబ్రవరి

ఈ నెలంతా వాట్సాప్ మీదే పోయింది. బయటికి కనిపించే పని కాదు గానీ, మొత్తం ప్రాజెక్టులో నేను ఎక్కువసేపు కూర్చున్నది దీని మీదే.

క్లినిక్‌కి వేరే సిమ్, వేరే ఫోను. అందులోని కాంటాక్ట్స్ ఫేస్‌బుక్‌కి గానీ ఇన్‌స్టాగ్రామ్‌కి గానీ సింక్ కాకుండా ఆపేశాను. దీనికి కారణం ఉంది. 2016లో అమెరికాలో ఒక సైకియాట్రిస్టు పేషంట్లకు ఫేస్‌బుక్ ఒకరినొకరిని "మీకు తెలిసినవాళ్లేమో చూడండి" అని చూపించడం మొదలుపెట్టిన సంగతి బయటపడింది. విజయవాడలో అలా జరిగితే ఇద్దరూ ఒకే వీధివాళ్లు అయ్యే అవకాశం కూడా ఉంది.

ఆ తర్వాత ఆటోమేటిక్ మెసేజ్. చాలాసార్లు రాసి కొట్టేశాక నిలిచింది ఇది:

"నమస్కారం. మీ మెసేజ్ అందింది. ఉదయం 10 నుంచి సాయంత్రం 7 లోపు జవాబిస్తాం. మీ సమస్య గురించి ఇక్కడ రాయక్కర్లేదు. పేరు, ఫోన్ చేయడానికి మీకు వీలైన టైము రాస్తే చాలు. ఇది అత్యవసర సేవ కాదు. ఇప్పుడే మాట్లాడాలనిపిస్తే 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు."

14416 అంటే టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన హెల్ప్‌లైను. సొంత క్లినిక్ పెట్టుకుని ఉచిత నంబరు ముందుపెట్టి చెప్పడమేంటని మా వాడు అడిగాడు. రాత్రి పన్నెండింటికి బతకాలని లేదని రాసిన మనిషికి నేను పొద్దున్న పదింటికి జవాబిస్తే ఏం లాభంరా అన్నాను. మళ్లీ అడగలేదు.

"సమస్య రాయక్కర్లేదు" అన్న వాక్యం వల్ల చాలా మేలు జరిగింది. అది పెట్టకముందు పేజీలకు పేజీలు వచ్చేవి, సగం వాయిస్ మెసేజ్‌లు. రాసినవాళ్లు గుండె బరువు దింపుకుని వెళ్లిపోయేవాళ్లు, నేనేమో ఆ మెసేజ్ పట్టుకుని కూర్చునేదాన్ని. పైగా ఆ ఫోను వాళ్లింట్లో ఇంకెవరి చేతిలో ఉంటుందో మనకేం తెలుసు?

అందుకే గుర్తు చేసే మెసేజ్‌లో కూడా "రేపు సాయంత్రం 5 గంటలకు మీ అపాయింట్‌మెంట్" అని మాత్రమే ఉంటుంది. కౌన్సెలింగ్, థెరపీ అనే మాటలుండవు. వాట్సాప్ బిజినెస్ పేరు కూడా అంతే, చూస్తే పళ్ల క్లినిక్ అనుకున్నా అనుకోవచ్చు. తిరిగి ఫోన్ చేసినప్పుడు వేరేవాళ్లు ఎత్తితే ఏమనాలో మా రిసెప్షన్ అక్కకి రాసిచ్చాను: "రాంగ్ నంబరండీ" అని అబద్ధం చెప్పక్కర్లేదు, "తర్వాత చేస్తానండీ" అంటే చాలు. వాట్సాప్ గ్రూపు మాత్రం ఎప్పటికీ పెట్టను. గ్రూపులో చేర్చిన క్షణమే ఒకరి నంబరు ఇంకొకరికి కనిపిస్తుంది.

మార్చి

రీల్స్ మొదలు. గదిలో ఫ్యాను ఆపితే చెమట, వేస్తే మైకులో హోరు. ఏసీ వేసినా సన్నగా ఒక రొద వినిపిస్తోంది. చివరికి పొద్దున ఆరింటికి, రోడ్డు మీద హారన్లు మొదలవకముందు, ఫ్యాను ఆపి తీస్తున్నాం. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడలో ఇది ఎలా కుదురుతుందో చూడాలి.

చాలామంది సౌండ్ లేకుండానే చూస్తారు, అందుకని మాటలన్నీ తెర మీద పడాలి. మా వాడు మొదట వాడిన యాప్‌లో ఒత్తులు విడిపోయి "ఒత్తిడి" కాస్తా చదవరాని గీతల్లా వచ్చింది. ఇప్పుడు హెడ్డింగులకి రామభద్ర, కింది వరసకి మండలి ఫాంట్లు వాడుతున్నాం. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, చిన్న ఫోన్లో కూడా బాగా కనిపిస్తున్నాయి.

మొదటి రకం: "ఆందోళన లక్షణాలు", "డిప్రెషన్ గుర్తించడం ఎలా". వ్యూస్ వచ్చాయి. ఫోన్లు లేవు. ఇలాంటివి ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. చూసినవాళ్లు తమకేదో జబ్బుందని నిర్ధారణ చేసుకుని భయపడటం తప్ప ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం.

రెండో రకం: తలుపు లోపల ఏం జరుగుతుందో చెప్పే వీడియోలు. మెట్లెక్కాక ఎడమవైపు గది. ముందు పేరు, వయసు, ఎవరితో ఉంటున్నారు. సెషన్ 50 నిమిషాలు. మొదటిరోజే అంతా చెప్పెయ్యక్కర్లేదు. ఏడుపొస్తే ఏడవచ్చు, టిష్యూలు ఉన్నాయి. నేను రాసుకునే కాగితం ఎవరికీ చూపించను, ప్రాణాపాయం ఉందనిపిస్తే మాత్రం ఇంట్లోవాళ్లకి చెప్పాల్సి వస్తుంది, ఆ సంగతి మొదటిరోజే చెప్తాను. మందులివ్వను. అవసరమనిపిస్తే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతాను. ఇలా ముక్కలు ముక్కలుగా.

దీనికి లైకులు రాలేదు. "అక్కా, ఇది పడుకుంది" అన్నాడు మా వాడు. వారం తిరిగేసరికి ఫోన్లు రావడం మొదలైంది. చేసినవాళ్లలో ఒకావిడ అడిగిన మొదటి ప్రశ్న: "ఎడమవైపు గదేనా అండీ, కుడివైపు స్కానింగ్ వాళ్లదా?"

ఏప్రిల్

లెక్కలు ఎలా చూడాలో ఇప్పుడు కాస్త అర్థమవుతోంది. మన దగ్గర మనసుకి సంబంధించిన పోస్టుకి లైకు కొట్టరు. కొడితే మేనమామ చూస్తాడు, ఆడపడుచు చూస్తుంది, "ఏంటమ్మా, అంతా బానే ఉందా?" అని ఫోనొస్తుంది. అందుకే చేసేది రెండు పనులు: గుట్టుగా సేవ్ చేసుకోవడం, ఒకరికి పంపడం. ఇన్‌సైట్స్‌లో సేవ్, షేర్ అంకెలు చూస్తే లైకులు లేని వీడియోలే పైన ఉన్నాయి.

ఇంకో సంగతి నోటుబుక్కులో బయటపడింది. ఫోన్ చేసిన ప్రతి కొత్తవాళ్లనీ రిసెప్షన్ అక్క రెండు ప్రశ్నలు అడుగుతుంది: మా గురించి ఎలా తెలిసింది, అపాయింట్‌మెంట్ ఎవరి కోసం. సగానికి పైగా వేరేవాళ్ల కోసం చేసినవే. "మా అమ్మాయి కోసమండీ." "మా తమ్ముడు మాట్లాడటం మానేశాడండీ." "మావారు రానంటున్నారు, ఎలా తీసుకురావాలి?"

అంటే ఇన్నాళ్లూ నేను బాధపడుతున్న మనిషితో మాట్లాడుతున్నాను, ఫోన్ చేస్తున్నది పక్కనున్న మనిషి. ఇక్కడి నుంచి స్క్రిప్టులు మార్చేశాం. బాలింత డిప్రెషన్ మీద వీడియో ఆ పిల్లకి కాకుండా పుట్టింట్లో ఉన్న అమ్మమ్మకి చెప్తున్నట్టు తీశాను: బిడ్డ ఆరోగ్యంగానే ఉంది, పాలు పడుతున్నాయి, అయినా మీ అమ్మాయి వారాల తరబడి ఏడుస్తోందంటే, బిడ్డ మీద ధ్యాస లేదంటే, దిష్టి తీసి ఊరుకోకండి. దిష్టి తీయొద్దని అనలేదు. తీయండి, తీశాక ఫోన్ కూడా చేయండి. ఈ ఏడాది అన్నిటికంటే ఎక్కువ షేర్ అయిన వీడియో ఇదే.

ఇంటర్ ఫలితాల వారం కోసం ముందే తయారయ్యాం. ఈ ఊరంటేనే హాస్టళ్లు, కార్పొరేట్ కాలేజీలు. ఆ వారం ఆత్మహత్య వార్తలు వస్తాయని అందరికీ తెలుసు, వాటి మీద రీల్ చేస్తే వ్యూస్ వస్తాయనీ తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మీడియాకి ఇచ్చిన సూచనలు పాటించాను: ఎలా జరిగిందో చెప్పకూడదు, "మార్కులు తక్కువొచ్చాయని చనిపోయాడు" అని ఒక్క కారణానికి కుదించకూడదు, సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పాలి. వీడియో మళ్లీ తల్లిదండ్రులకే. ఫలితం చూసిన మొదటి గంటలో ఏమనాలి, ఏమనకూడదు. పక్కింటివాళ్ల మార్కులు ఆ రోజు అడగకండి. సప్లిమెంటరీ ఉంది, రీకౌంటింగ్ ఉంది, ఆ కాగితాలు రేపు చూసుకోవచ్చు. పిల్లాణ్ని ఒంటరిగా వదలకండి. 14416.

కామెంట్లలో ఒక అబ్బాయి తన గురించి రాశాడు. ఏం రాశాడో ఇక్కడ రాయను. ఇలాంటి కామెంట్ కోసం ముందే ఒక పద్ధతి రాసుకుని ఉన్నాం: కామెంట్ దాచెయ్యాలి, అతనికి విడిగా వెంటనే జవాబివ్వాలి, ఎక్కడున్నాడో, పక్కన ఎవరున్నారో అడగాలి, 14416 ఇవ్వాలి, ప్రమాదం కళ్లముందే ఉంటే 112. అది కాగితం మీద లేకపోతే ఆ టెన్షన్‌లో ఎవరికీ బుర్ర పనిచెయ్యదు.

జూన్

ప్రకటనకి కొంచెం డబ్బు పెట్టి చూశాం. మావాడు రాసిన వాక్యం: "మీరు డిప్రెషన్‌తో బాధపడుతున్నారా?" వెంటనే తిరస్కరించారు. చూసే మనిషికి ఫలానా జబ్బుందని ప్రకటన సూచించకూడదని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా కంపెనీ నిబంధన. మంచి నిబంధనే. బస్సులో పక్కవాడు మన ఫోన్లోకి తొంగి చూస్తే ఆ వాక్యం కనపడటం ఎవరికి ఇష్టం? "పరీక్షల తర్వాత పిల్లల నిద్ర: తల్లిదండ్రులు గమనించాల్సినవి" అని మార్చాం, ఆమోదం వచ్చింది, బాగానే నడిచింది.

పాత క్లయింట్ల నంబర్లు అప్‌లోడ్ చేస్తే అలాంటివాళ్లనే వెతికి ప్రకటన చూపిస్తామనే సదుపాయం కూడా ఉంది. దాని జోలికి వెళ్లేది లేదు. అమెరికాలో బెటర్‌హెల్ప్ అనే పెద్ద ఆన్‌లైన్ థెరపీ కంపెనీ, గోప్యంగా ఉంచుతామని మాటిచ్చిన వివరాలను ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ లాంటివాటికి ఇచ్చిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. 2023లో 78 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీ చేసిన పనే మన దగ్గర ఒక చిన్న క్లినిక్ ఒక్క బటన్ నొక్కి చేసెయ్యొచ్చు, ఎవరికీ తెలియను కూడా తెలియదు.

ప్రకటన పరిధి మొదట విజయవాడ వరకే పెట్టాం. తర్వాత తెనాలి, గుడివాడ, ఏలూరు కలిపాం. స్పందన అక్కడి నుంచే ఎక్కువ. సొంత ఊళ్లో సైకాలజిస్టు ఉన్నా అక్కడికి వెళ్లరు. రైలెక్కి ఇక్కడికొస్తే ఎవరైనా కనిపించినా "షాపింగ్‌కొచ్చాం" అనొచ్చు. మరి బెజవాడవాళ్లు? వాళ్లు ఆన్‌లైన్ అడుగుతున్నారు, లేదంటే గుంటూరులో ఎవరైనా ఉన్నారా అని నన్నే అడుగుతున్నారు. తెలిసినవాళ్ల పేరు చెప్పి పంపిస్తున్నాను.

జులై

ఒక సినిమా నటుడి ఇంటి గొడవ వారమంతా చానెళ్లలో. మావాడు పొద్దున్నే ఫోన్: "అక్కా, ఆయనకున్నది ఫలానా డిజార్డర్ అని ఒక రీల్ వదిలితే లక్షల్లో వెళ్తుంది." నేను చూడని, మాట్లాడని మనిషికి జబ్బు పేరు పెట్టేది లేదన్నాను. 1964లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన బారీ గోల్డ్‌వాటర్ మానసిక స్థితి మీద ఒక పత్రిక సైకియాట్రిస్టుల అభిప్రాయాలు సేకరించి అచ్చేసింది. ఆయన కోర్టుకెళ్లి గెలిచాడు. ఆ తర్వాత 1973లో అక్కడి సైకియాట్రిస్టుల సంఘం పరీక్షించని ప్రముఖుల మీద అలాంటి అభిప్రాయాలు చెప్పకూడదని నియమం పెట్టుకుంది. నేను సైకియాట్రిస్టుని కాను, అమెరికాలో లేను, అయినా కారణం ఇక్కడా అదే. ఆ రీల్ చూసే నా క్లయింటు ఏమనుకుంటాడు? రేపు నా గురించి కూడా ఇలాగే చెప్తుందనుకోడా?

ఆ వారం వ్యూస్ బాగా తగ్గాయి. తగ్గనీ.

రివ్యూల సంగతి కూడా తేల్చుకున్నాను. పక్కనున్న పళ్ల డాక్టరు గారి బల్ల మీద క్యూఆర్ కోడు ఉంటుంది, "ఐదు స్టార్లు ఇవ్వండమ్మా" అని అడుగుతారు, వాళ్లకది మామూలే. మేం అడగం. నా ముందు కూర్చుని ఏడ్చిన మనిషి నన్ను కాదనలేక రాసే రివ్యూ అది, పైగా పేరు, ఫొటోతో సహా ప్రపంచానికి కనిపిస్తుంది. ఎవరైనా తమంతట తాము రాస్తే జవాబు కూడా ఆచితూచి రాయాలి. "వచ్చినందుకు థ్యాంక్స్" అంటే వాళ్లు వచ్చారని నేనే చాటినట్టు. అందుకని మంచి రివ్యూకైనా చెడ్డ రివ్యూకైనా ఒకటే మాట: "గోప్యత దృష్ట్యా ఇక్కడ వివరాలు మాట్లాడలేం. క్లినిక్ నంబరుకి ఫోన్ చేయవచ్చు."

సెప్టెంబరు

బాలింత వీడియో ఎలా వెళ్లిందో గానీ డాలస్, ఫ్రిస్కో వైపు బాగా తిరిగింది. అక్కడి తెలుగువాళ్ల నుంచి మెసేజ్‌లు: ఇంగ్లిష్‌లో చెప్పుకోలేకపోతున్నాం, తెలుగులో మీరు మాట్లాడతారా, డాలర్లలో ఎంతైనా ఇస్తాం. కుదరదని చెప్పాల్సి వస్తోంది. అమెరికాలో సైకాలజీ లైసెన్సు రాష్ట్రం వారీగా ఉంటుంది. మనిషి టెక్సస్‌లో కూర్చుని మాట్లాడుతుంటే టెక్సస్ నియమాలు వర్తిస్తాయి, నా ఆర్‌సీఐ నంబరు అక్కడ చెల్లదు. నిబంధన ఒక్కటే కాదు, అర్ధరాత్రి వాళ్లకి ఏదైనా అయితే సూర్యారావుపేట నుంచి నేను చెయ్యగలిగిందేమీ లేదు. అక్కడ లైసెన్సున్న తెలుగు థెరపిస్టుని ఎలా వెతుక్కోవాలో చెప్తూ ఒక జవాబు తయారు చేసి పెట్టాను. టెలీ మానస్ వాళ్లకి పనికిరాదు కాబట్టి అందులో అమెరికా హెల్ప్‌లైను 988 ఉంటుంది.

కానీ అదే జనం నుంచి వేరే రకం ఫోన్లు మొదలయ్యాయి. "నాన్న పోయాక అమ్మ పటమటలో ఒక్కతే ఉంటోందండీ, సరిగా తినట్లేదు, ఫోన్లో అన్నీ బానే ఉన్నాయంటుంది, మీరు చూస్తారా?" అమ్మ ఇక్కడే ఉంది, నేనూ ఇక్కడే ఉన్నాను, ఇది కుదురుతుంది. షరతు ఒకటే: ఆవిడ తనంతట తాను సరేననాలి, ఆవిడ నాతో చెప్పింది కొడుక్కి చెప్పను. ఫీజు కట్టేది అతనే అయినా సరే. దీనికి కొందరు వెనక్కి తగ్గారు. చాలామంది ఒప్పుకున్నారు.

నోటుబుక్కు ప్రకారం ఇప్పటి పరిస్థితి: కొత్తగా వచ్చేవాళ్లలో డాక్టర్ల చీటీతో వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు, కానీ నేరుగా ఫోన్ చేసేవాళ్లు వాళ్లని దాటేశారు. అందులో గూగుల్ మ్యాప్స్ మొదటి స్థానం, "ఎవరో వీడియో పంపారు" రెండోది, ఇన్‌స్టాగ్రామ్‌లో సొంతంగా చూసి వచ్చినవాళ్లు బాగా వెనక. ఫాలోయర్ల సంఖ్య నేను చూడటం మానేశాను, మావాడు చూస్తున్నాడు. సాయంత్రం స్లాట్లు నిండిపోతున్నాయి కాబట్టి ప్రకటనలు ఆపేశాం. వెయిటింగ్ లిస్టు పెట్టి జనాన్ని నెలల తరబడి ఆపడం కంటే ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీకో, ఖాళీ ఉన్న తోటి సైకాలజిస్టుకో పంపడమే నయం.

తర్వాతి పని రానంటున్న భర్తని, కొడుకుని, తమ్ముణ్ని ఎలా తీసుకురావాలన్న ప్రశ్న మీద. ఇప్పటికీ రిసెప్షన్‌కి ఎక్కువగా వచ్చే ఫోను అదే, దానికి ఒక్క నిమిషంలో చెప్పే జవాబు లేదు. మోసం చేసి, "బీపీ చెకప్‌కి" అని చెప్పి తీసుకురావద్దని మొదటి వీడియో. అతను రాకపోయినా మీరొక్కరే రావచ్చని రెండోది. స్క్రిప్టులు అయ్యాయి. దసరాకి ఊరంతా ఇంద్రకీలాద్రి వైపే ఉంటుంది, పొద్దున ఆరింటికి కూడా రోడ్డు సద్దుమణగదు. ఆ రద్దీ తగ్గాక షూటింగ్.